యాప్ కన్నా ముందు కౌంటర్: హోటళ్ల సాఫ్ట్‌వేర్‌పై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

నెల్లూరు, ప్రకాశం ప్రాంతాలలో హోటళ్లు, లాడ్జీలు నడుపుతున్నవారి నుంచి, వాటికి సాఫ్ట్‌వేర్ రాయాలని ఉత్సాహపడుతున్న విద్యార్థుల నుంచి వచ్చిన ఉత్తరాలలో కొన్నింటికి ఈ నెల జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: నెల్లూరులో బస్టాండుకు దగ్గరలో మాకు 26 గదుల లాడ్జి ఉంది. ఇంతవరకు రిజిస్టరు, బిల్లు పుస్తకాలతోనే నడిపాము. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు మన లాడ్జికి సొంతంగా మొబైల్ యాప్ చేయిద్దామంటున్నాడు. ఒక సంస్థవారు ధర కూడా చెప్పారు. ఎక్కడ మొదలుపెట్టాలి? వారితో ఏమేమి మాట్లాడుకోవాలి?
— ఒక లాడ్జి యజమాని, నెల్లూరు

జవాబు: మీ మేనల్లుడి ఉత్సాహం మంచిదే కాని, యాప్‌ను చివరికి ఉంచుకోండి. మీ లాడ్జిలో దిగేవారిలో ఎక్కువమంది ఆసుపత్రి పనికో, పెళ్లికో, కోర్టు వాయిదాకో ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చేవారై ఉంటారు. ఒక్క రాత్రి బస కోసం వారు తమ ఫోన్‌లో ఒక యాప్‌ను ఎక్కించుకుని, పేరు నమోదు చేసుకుని, ఆ తరువాత గది తీసుకుంటారని నేను నమ్మను. మీకు ముందుగా కావలసింది కౌంటర్‌లో పనిచేసే సాఫ్ట్‌వేర్. ఏ గది ఖాళీగా ఉంది, ఏ గదిలో ఎవరు ఎప్పుడు దిగారు, అడ్వాన్స్ ఎంత ఇచ్చారు, బాకీ ఎంత ఉంది, ఖాళీ అయిన గదిని శుభ్రం చేశారా లేదా అన్నది ఒక్క తెరపై చూపగలిగేది. ఈ రంగంలో దానిని ప్రాపర్టీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అని, క్లుప్తంగా పీఎంఎస్ అని అంటారు. అది సరిగ్గా నడిచిన తరువాత దానికి వెబ్‌సైటును గాని, యాప్‌ను గాని తగిలించడం చిన్న పని. అది లేకుండా యాప్ మాత్రమే ఉంటే, యాప్‌లో ఖాళీగా కనిపించిన గదిలో అప్పటికే ఎవరో నిద్రపోతూ ఉంటారు.

ఎవరితోనూ ధర మాట్లాడకముందు మీ లాడ్జి ఎలా నడుస్తుందో మీరే తెలుగులో నాలుగు పేజీలు రాసుకోవాలి. ఇందులో మొదట రాయవలసింది మీ చెక్-అవుట్ పద్ధతి. మన ప్రాంతపు లాడ్జీలలో చాలావరకు 24 గంటల పద్ధతి నడుస్తుంది. చెన్నై, విజయవాడ మార్గంలో తెల్లవారుజామున రైలు దిగినవారు నాలుగు గంటలకు గది తీసుకుంటే, మరునాడు నాలుగు గంటల వరకు అది ఒకే రోజు అద్దె. అయితే మార్కెట్‌లో దొరికే సాఫ్ట్‌వేర్‌లలో అనేకం పెద్ద హోటళ్ల కోసం, మధ్యాహ్నం 12 గంటలకు గది ఖాళీ చేసే పద్ధతిని దృష్టిలో ఉంచుకుని తయారైనవి. అవి రోజులను లెక్కించవు, రాత్రులను లెక్కిస్తాయి. అటువంటి దానిలో నాలుగు గంటలకు దిగిన పార్టీకి అదే రోజు మధ్యాహ్నానికి ఒక రాత్రి పూర్తయిపోతుంది, ఆపైన రెండో రాత్రి అద్దె పడుతుంది. అప్పుడు మీ గుమాస్తా బిల్లును సరిచేయడానికి దిగిన సమయాన్ని తప్పుగా నమోదు చేయడం మొదలుపెడతాడు. రిజిస్టరులో ఒక సమయం, కంప్యూటరులో మరొక సమయం ఉన్న లాడ్జికి పోలీసు తనిఖీ వస్తే ఎవరు సమాధానం చెప్పాలో ఆలోచించండి. అందువల్ల 24 గంటలు దాటాక ఎంతసేపు మినహాయిస్తారు, ఆ తరువాత సగం రోజు అద్దె తీసుకుంటారా, పూర్తి రోజుదా, పాత పార్టీలకు ఎంత సడలింపు ఇస్తారు అన్నవి మీరు నోటితో చెప్పే విధంగానే రాసి ఇవ్వండి.

రెండవది ధరల సంగతి. మీ ఊరిలో స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాలో రొట్టెల పండుగ జరిగే రోజులలో గదులకు గిరాకీ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనవసరం లేదు. ఆ పండుగ మొహర్రం నెలతో ముడిపడి ఉంది. చాంద్రమాన సంవత్సరం ఇంగ్లీషు సంవత్సరం కన్నా సుమారు 11 రోజులు తక్కువ కాబట్టి, పండుగ ఏటా అంతమేర ముందే వచ్చేస్తుంది. పెళ్లి ముహూర్తాలు కూడా ఇంగ్లీషు తేదీలకు కట్టుబడవు. కాబట్టి పండుగ రోజుల ధరలను సాఫ్ట్‌వేర్ రాసేవారు ప్రోగ్రాములో శాశ్వతంగా పెట్టేస్తే, ప్రతి సంవత్సరం వారిని బతిమాలుకోవలసి వస్తుంది. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఏ గదికి ఏ ధర అన్నది మీరే కౌంటర్‌లో కూర్చుని మార్చుకోగలగాలి.

పన్ను విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. రోజుకు 1,000 రూపాయల లోపు అద్దె ఉన్న గదులకు 2022 జూలై 17 వరకు జీఎస్టీ లేదు. మరునాటి నుంచి 12 శాతం వచ్చింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 7,500 రూపాయల వరకు అద్దె ఉన్న గదులన్నింటికీ ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోళ్లపై కట్టిన పన్నును తగ్గించుకునే వీలు) లేకుండా 5 శాతం అయింది, ఆపై అద్దెకు 18 శాతం కొనసాగుతోంది. నాలుగేళ్లు తిరగకుండానే మూడు రకాల లెక్కలు చూశాము. పన్ను శాతంతో పాటు అది అమలులోకి వచ్చిన తేదీ కూడా సాఫ్ట్‌వేర్‌లో ఉండాలి. లేకపోతే ఆడిటర్ రెండేళ్ల కిందటి బిల్లును మళ్లీ ముద్రించమన్నప్పుడు అది నేటి పన్నుతో బయటికి వస్తుంది. ఇంకొక పొరపాటు తరచుగా కనిపిస్తుంది: హైదరాబాద్ నుంచో చెన్నై నుంచో వచ్చిన సంస్థ తన జీఎస్టీ నంబరు ఇవ్వగానే కొన్ని ప్రోగ్రాములు వేరే రాష్ట్రం అనుకుని ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాలకు వేసే జీఎస్టీ) వేస్తాయి. గది అద్దెకు సేవ అందిన చోటు లాడ్జి ఉన్న చోటే అని చట్టం చెబుతుంది కాబట్టి, పార్టీ ఏ రాష్ట్రం వారైనా నెల్లూరులో వేసే బిల్లులో సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీలే (కేంద్ర, రాష్ట్ర వాటాలే) ఉండాలి.

బిల్లుల సంఖ్యలు ఆర్థిక సంవత్సరం పొడవునా వరుస తప్పకుండా నడవాలి, ఒక్కొక్కటి 16 అక్షరాలకు మించకూడదు. బిల్లు తప్పు పడితే దానిని చెరిపివేసే వీలు ఎవరికీ, యజమానికి కూడా, ఉండకూడదు. రద్దు చేసినట్టు నమోదు ఉండాలి, లేదా క్రెడిట్ నోట్ ఇవ్వాలి. ఎవరు, ఎప్పుడు, ఏ అంకెను ఏ అంకెగా మార్చారన్నది విడిగా దాచే ఏర్పాటును తప్పకుండా అడగండి. కౌంటర్‌లో డబ్బు తేడా వచ్చినప్పుడు నిజాయితీగా పనిచేసే గుమాస్తాను కాపాడేది అదే.

ఇక ఒప్పందం. 26 గదుల లాడ్జికి మొత్తం కొత్తగా రాయించుకోవడం అవసరమా అని మీరు అడగలేదు గాని, నేను అడుగుతాను. నెలవారీ చందాకు దొరికే సిద్ధమైన సాఫ్ట్‌వేర్‌లలో రెండు మూడింటిని మీ నాలుగు పేజీలతో పోల్చి చూడండి. వాటిలో ఒకటి మీ 24 గంటల లెక్కను, ధరల పట్టికను సరిగ్గా చేయగలిగితే దానితోనే సరిపెట్టుకోవడం మేలని నా అభిప్రాయం. ఏదీ కుదరకపోతేనే రాయించుకోండి. అప్పుడు పనిని విడతలుగా చీల్చి, మొదటి విడతలో గదుల పట్టిక, చెక్-ఇన్, బిల్లు మాత్రమే అడిగి, అది మీ కౌంటర్‌లో నిజంగా నడిచిన తరువాతే రెండో విడతకు డబ్బు ఇవ్వండి. సోర్స్ కోడ్ (ప్రోగ్రాము అసలు రాత) ఎవరిది, సర్వర్ ఖాతా ఎవరి పేరున ఉంటుంది, సంబంధం తెగిపోయిన రోజున మీ సమాచారమంతా ఎక్సెల్‌లో తెరుచుకునే రూపంలో మీకు అప్పగిస్తారా, మొదటి ఏడాది తరువాత నిర్వహణ రుసుము ఎంత అన్నవి కాగితంపై లేకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. డొమైన్ పేరు (వెబ్‌సైటు చిరునామా), ప్లే స్టోర్ ఖాతా మీ పేరునే ఉండాలి.

ప్రశ్న: మా గుమాస్తా గారు చాలా ఏళ్లుగా మా దగ్గరే ఉన్నారు. కంప్యూటర్ పెడతామంటే తన ఉద్యోగం పోతుందని దిగులు పడుతున్నారు. ఆయనను నొప్పించకుండా ఎలా మారాలి?
— ఒక పాఠకురాలు, కనిగిరి

జవాబు: ఆయన లేకుండా ఈ పని జరగదని ముందుగా ఆయనకే చెప్పండి, అది నిజం కూడా. ఏ పార్టీకి కింది అంతస్తు గది ఇవ్వాలి, ఏ సంస్థ నెలాఖరున డబ్బు పంపుతుంది, ఏ గదిలో ఏసీ సతాయిస్తుంది అన్నవి ఆయన జ్ఞాపకంలో తప్ప ఎక్కడా లేవు. సాఫ్ట్‌వేర్ రాసేవారు వచ్చినప్పుడు యజమాని గదిలో కాకుండా ఆయన పక్కన కూర్చోబెట్టండి. తెరపై గడుల వరుస, పేర్లు ఆయన రిజిస్టరులో ఉన్న వరుసలోనే ఉండనివ్వండి. నెలరోజులు రిజిస్టరు, కంప్యూటరు రెండూ నడిపి, ప్రతి రాత్రి రెండింటి మొత్తాలను ఆయన చేతనే సరిచూపించండి. తేడా వచ్చిన ప్రతిసారి తప్పు కంప్యూటరుదని తేలితే ఆ మాట పైకి చెప్పండి. తెలుగులో తెరలు ఇవ్వగల సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకుంటే ఇంకా సులువవుతుంది.

ప్రశ్న: మేము ఒంగోలులో ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్న నలుగురు స్నేహితులం. ప్రాజెక్టుగా హోటల్ బుకింగ్ యాప్ చేస్తున్నాము. తరువాత దానినే మన జిల్లా లాడ్జీలకు అమ్మాలని ఆలోచన. యాప్ రాయడానికి ఫ్లట్టర్ అనే సాధనం మంచిదా, రియాక్ట్ నేటివ్ మంచిదా? ఐఫోన్‌కు కూడా చేయాలా? మేము గమనించవలసిన ముఖ్యమైన విషయాలు చెప్పండి.
— విద్యార్థినులు, ఒంగోలు

జవాబు: మొదటి ప్రశ్నకు ఎక్కువ సమయం పెట్టకండి. రెండింటిలో మీ నలుగురిలో ఎక్కువమందికి ఏది వస్తే అదే మంచిది. మీ ప్రాజెక్టు నిలబడటం, పడిపోవడం డేటాబేస్‌లో తేలుతుంది.

గది బుకింగ్‌లో ప్రాణమైన ప్రశ్న ఒక్కటే: ఒకే గది ఒకే సమయానికి ఇద్దరికి వెళ్లకూడదు. చాలామంది విద్యార్థులు ముందుగా గది ఖాళీగా ఉందా అని అడిగి, ఉంటే బుకింగ్ రాసే ప్రోగ్రాము రాస్తారు. కౌంటర్‌లో ఒకరు, ఆన్‌లైన్‌లో మరొకరు ఒకే క్షణంలో అడిగినప్పుడు ఇద్దరికీ ఖాళీ అనే సమాధానం వస్తుంది, ఇద్దరి బుకింగూ నమోదవుతుంది. ఈ కాపలా ప్రోగ్రాములో కాకుండా డేటాబేస్‌లోనే ఉండాలి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో కాలవ్యవధిని ఒకే విలువగా దాచుకునే రేంజ్ అనే రకం ఉంది. గది సంఖ్య ఒకటే అయి రెండు వ్యవధులు ఒకదానిపై ఒకటి పడితే రెండవదాన్ని తిరస్కరించమని ఎక్స్‌క్లూజన్ కన్‌స్ట్రెయింట్ అనే కట్టడితో చెప్పవచ్చు. వ్యవధిలో ప్రారంభ క్షణం చేరుతుంది, ముగింపు క్షణం చేరదు అనే నియమం పెట్టుకుంటే, పది గంటలకు ఒకరు ఖాళీ చేసిన గదిని పది గంటలకే మరొకరికి ఇవ్వడంలో ఘర్షణ రాదు. అయితే మధ్యలో గది శుభ్రం చేసే సమయం ఉండాలి కదా. దానిని కూడా ఒక చిన్న వ్యవధిగా నమోదు చేయండి. రెండు వ్యవధులు ఢీకొంటాయా అని మీరే పరీక్షించవలసి వస్తే, మొదటిది రెండవది ముగిసేలోగా మొదలై, రెండవది మొదటిది ముగిసేలోగా మొదలైతే ఢీకొన్నట్టే. ఇంతకన్నా పొడవైన షరతు రాశారంటే అందులో ఎక్కడో పొరపాటు దాగి ఉండే అవకాశం ఎక్కువ.

తేదీలను మాత్రమే దాచి సమయాన్ని వదిలేయకండి. మొదటి ఉత్తరానికి జవాబులో చెప్పిన 24 గంటల లెక్కకు సమయం కావాలి. డబ్బును ఫ్లోట్‌లో (దశాంశ సంఖ్యను సుమారుగా దాచే రకంలో) దాచకండి, పైసలలో పూర్ణాంకంగా దాచండి, సీజీఎస్టీ 2.5, ఎస్‌జీఎస్టీ 2.5 అని చీల్చినప్పుడు ఫ్లోట్‌లో వచ్చే చిన్న తేడాలు నెలాఖరు మొత్తంలో బయటపడతాయి.

ఇంటర్నెట్ ఎప్పుడూ ఉంటుందనే భరోసాతో రాయకండి. మన తీరంలో అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు వాయుగుండాల కాలం. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. 2021 నవంబర్‌లో పెన్నా వరదకు నెల్లూరు దగ్గర జాతీయ రహదారి, రైలు మార్గం రెండూ దెబ్బతిన్నాయి. అటువంటి రోజులలోనే దారిలో చిక్కుకున్నవారు గదుల కోసం లాడ్జీలకు వస్తారు, అప్పుడే ఫోన్ సిగ్నల్ పోతుంది. కౌంటర్‌లో ఉన్న కంప్యూటర్‌లోనే అసలు డేటాబేస్ పెట్టి, లోపలి వైఫైతో రూమ్ బాయ్‌ల ఫోన్లు దానికి కలిసేలా చేసి, ఇంటర్నెట్ ఉన్నప్పుడు క్లౌడ్‌కు (ఇంటర్నెట్‌లో ఉండే సర్వర్‌కు) నకలు పంపేలా నిర్మిస్తే పని ఆగదు. ఇందులో ఒక చిక్కు ఉంది, దాన్ని ముందే ఆలోచించండి. కౌంటర్‌కు, క్లౌడ్‌కు సంబంధం తెగినప్పుడు రెండూ ఒకే గదిని అమ్మగలవు. ఆన్‌లైన్‌కు కొన్ని గదులను విడిగా కేటాయించి, సంబంధం తెగినంతసేపు ఆన్‌లైన్ ఆ గదులను మాత్రమే, కౌంటర్ మిగిలినవాటిని మాత్రమే అమ్మాలని నియమం పెట్టడం సాధారణంగా సరిపోతుంది. మీ ప్రాజెక్టు పరీక్షకు వచ్చే అధ్యాపకులకు మిగతా తెరలకన్నా ముందు ఈ భాగాన్ని చూపించండి.

యూపీఐ చెల్లింపు వచ్చిందని పేమెంట్ గేట్‌వే (ఆన్‌లైన్ చెల్లింపులు జరిపే సంస్థ) పంపే సమాచారం ఒక్కోసారి రెండుసార్లు రావచ్చు. ప్రతి చెల్లింపుకు ఉండే 12 అంకెల రిఫరెన్స్ సంఖ్యను ఒకే ఒక్కసారి మాత్రమే నమోదయ్యేలా కట్టడి చేయండి. పార్టీ చూపించే స్క్రీన్‌షాట్‌ను చూసి డబ్బు అందినట్టు గుర్తుపెట్టే బటన్‌ను అసలు పెట్టకండి, నకిలీ స్క్రీన్‌షాట్లు తయారుచేయడం ఇప్పుడు ఎవరికైనా చేతనవుతుంది. కార్డు నంబర్లను మీ డేటాబేస్‌లో దాచకూడదు. రిజర్వు బ్యాంకు 2022 అక్టోబర్ 1 నుంచి వ్యాపారులు కార్డు వివరాలు దాచుకోవడాన్ని నిలిపివేసి టోకెన్ పద్ధతిని (కార్డు నంబరుకు బదులు మారుసంకేతం వాడటాన్ని) తెచ్చింది. ఓటీపీలు, బుకింగ్ సందేశాలు ఎస్సెమ్మెస్‌గా పంపాలంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం పంపేవారి పేరు, సందేశపు నమూనా రెండింటినీ టెలికాం సంస్థలు నడిపే డీఎల్‌టీ అనే నమోదు వేదికలో ముందే నమోదు చేయించాలి. ఇది తెలియక చివరి వారంలో ఆగిపోయే ప్రాజెక్టులు చాలా ఉంటాయి.

ఐఫోన్ సంగతి. గూగుల్ ప్లే ఖాతాకు ఒకేసారి 25 డాలర్లు, ఆపిల్ ఖాతాకు ఏటా 99 డాలర్లు కట్టాలి. వ్యక్తిగత పేరుతో కొత్తగా తెరిచిన ప్లే ఖాతాలకు, యాప్‌ను అందరికీ విడుదల చేసేముందు కనీసం 12 మంది పరీక్షకుల చేత 14 రోజులు వరుసగా పరీక్షింపజేయాలనే నియమం ఉంది. మీ ప్రాజెక్టు గడువులో ఈ రెండు వారాలను లెక్కవేసుకోండి. ఐఫోన్ వాడే పార్టీలకు ప్రస్తుతానికి మొబైల్‌లో చక్కగా తెరుచుకునే వెబ్‌సైటు చాలు.

అమ్మే ఆలోచన గురించి ఒక సలహా. చీమకుర్తి గ్రానైట్ క్వారీల పనిమీద వచ్చే కొనుగోలుదారులు, పొగాకు వేలం రోజులలో వచ్చే కంపెనీల ఉద్యోగులు ఒంగోలులో దిగే లాడ్జి ఒకదానిలో, యజమాని అనుమతితో, కొన్ని సాయంత్రాలు కౌంటర్ దగ్గర కూర్చోండి. ఒక సంస్థ పేరున పది గదులు ఉండటం, ఎవరి పేర్లూ ముందుగా తెలియకపోవడం, అద్దె సంస్థ కట్టి భోజనం బిల్లు ఎవరిది వారు కట్టుకోవడం, మధ్యలో ఒకరు వెళ్లి అదే గదిలోకి మరొకరు రావడం — ఇవి మీ పాఠ్యపుస్తకాల డేటాబేస్ ఉదాహరణలలో కనిపించవు. బుకింగ్, గది, బస చేసే వ్యక్తి, డబ్బు కట్టే వ్యక్తి అనే నాలుగూ నాలుగు వేర్వేరు పట్టికలు కావాలని అక్కడ కూర్చున్న మొదటి సాయంత్రమే మీకు అర్థమవుతుంది.

ప్రశ్న: కావలిలో మాకు మీల్స్ హోటల్ ఉంది. సప్లయర్లకు ఫోన్‌లో ఆర్డరు తీసుకునే యాప్ ఇచ్చాము. ఆర్డరు వంటగదిలో ఇంగ్లీషులో ముద్రితమవుతోంది, మా వంట మాస్టరు తెలుగు మాత్రమే చదవగలరు. తెలుగులో ముద్రించమంటే ప్రశ్నార్థకాలు, గళ్లు వస్తున్నాయి. వంటగదిలో టీవీ తెర పెట్టుకోమని యాప్ ఇచ్చినవారు సలహా ఇచ్చారు.
— ఒక హోటల్ యజమాని, కావలి

జవాబు: మీ ప్రింటరు పాడు కాలేదు. బిల్లులు ముద్రించే చిన్న థర్మల్ ప్రింటర్లలో చాలావాటి లోపల తెలుగు అక్షరాలు ఉండవు. యాప్ తెలుగు అక్షరాలను అక్షరాలుగా పంపితే అది గుర్తించలేక గళ్లు వేస్తుంది. ఆర్డరు చీటీ మొత్తాన్ని ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ముందుగా బొమ్మగా తయారుచేసి, ఆ బొమ్మను ప్రింటరుకు పంపితే తెలుగు చక్కగా వస్తుంది. ముద్రణ కొద్దిగా నెమ్మదిస్తుంది, అంతే. మీ యాప్ ఇచ్చినవారిని ఈ మాటతోనే అడగండి. చీటీ వెడల్పు రెండంగుళాలైతే వంటకం పేరు, సంఖ్య పక్కపక్కన పట్టవు. మూడంగుళాల ప్రింటరు తీసుకుని అక్షరాలు పెద్దవిగా ముద్రింపజేయండి.

ఇంకొక సమస్య కూడా మీకు ఎదురవ్వవచ్చు. మీ మెనూ కార్డును డీటీపీ కేంద్రంలో అను ఫాంట్లలో (పాత పద్ధతి తెలుగు అక్షరాలలో) కొట్టించి ఉంటే, ఆ ఫైలు నుంచి వంటకాల పేర్లను యాప్‌లోకి నేరుగా ఎక్కించడానికి వీలుండదు. అవి అర్థం లేని ఇంగ్లీషు గుర్తులుగా మారిపోతాయి. వాటిని ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ గుర్తించే యూనికోడ్‌లోకి మార్పించాలి, లేదా మళ్లీ టైపు చేయించాలి. తెలుగు పేర్లు పెట్టిన బటన్లలో వత్తులు కింద తెగిపోకుండా వరుసల మధ్య ఎడం పెంచమని కూడా చెప్పండి. అట్టు, అటు అన్నవి ఒకేలా కనిపించే తెరను సప్లయరు చేతికి ఇవ్వకూడదు.

టీవీ తెర సలహాతో నేను ఏకీభవించను. ఆవిరి, నూనె, తాలింపు పొగ ఉండే వంటగదిలో, చేతులు తడిగా ఉన్న మాస్టరు తెరను తాకి ఆర్డరు పూర్తయిందని చెప్పలేరు. చీటీని మేకుకు గుచ్చి, పని అయ్యాక తీసేయడం వారికి అలవాటు. మీరు అడగని, కాని తెర కన్నా ఎక్కువ ఉపయోగపడే సౌకర్యం ఒకటి ఉంది. చేపల పులుసులో ముక్కలు అయిపోయిన క్షణంలో వంటగది నుంచి ఒక్క బటన్ నొక్కితే, సప్లయర్లందరి ఫోన్లలోనూ, పార్శిల్ యాప్‌లలోనూ ఆ వంటకం ఆగిపోవాలి. బొమ్మిడాయిలు, కొరమీను వంటివి రోజుకు ఎంత దొరికితే అంతే వండుతారు కాబట్టి, ఉదయం ముక్కల సంఖ్యను నమోదు చేసి, అమ్మినకొద్దీ తగ్గేలా పెట్టుకుంటే ఇంకా మంచిది.

మీ బిల్లులో సర్వీస్ చార్జీ దానంతట అదే కలిసేలా ఉంటే తీసివేయించండి. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో అలా కలపకూడదని మార్గదర్శకాలు ఇచ్చింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. స్విగ్గీ, జొమాటో ద్వారా వచ్చిన భోజనం ఆర్డర్లపై జీఎస్టీని 2022 జనవరి 1 నుంచి ఆ సంస్థలే కడుతున్నాయి కాబట్టి, ఆ అమ్మకాలను మీ సాఫ్ట్‌వేర్ విడిగా చూపాలి. కలిపి చూపితే ఒకే ఆర్డరుకు పన్ను రెండుసార్లు కట్టే ప్రమాదం ఉంది.

ప్రశ్న: ముత్తుకూరులో మాకు చిన్న గెస్ట్ హౌస్ ఉంది. కృష్ణపట్నం ఓడరేవు, థర్మల్ కేంద్రాల పనులకు వచ్చేవారు దిగుతారు, అప్పుడప్పుడు విదేశీయులు కూడా. కౌంటర్‌లో ఆధార్ కార్డును ఫోన్‌తో ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడుతున్నాము. ఒక పార్టీ దీనికి అభ్యంతరం చెప్పారు. ఆయన మాటలో నిజముందా?
— ఒక గెస్ట్ హౌస్ నిర్వాహకుడు, ముత్తుకూరు

జవాబు: ఆయన అభ్యంతరం పూర్తిగా న్యాయమైనది, ఆ గ్రూపును ఈ రోజే ఆపివేయండి. ఆ ఫోటోలు గ్రూపులో ఉన్న ప్రతి ఒక్కరి ఫోన్‌లోనూ, ఉద్యోగం మానేసి వెళ్లిపోయినవారి ఫోన్‌లోనూ ఉండిపోతాయి. వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నియమాలు 2025 నవంబర్‌లో వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతలు ఆ తరువాత 18 నెలలకు అమలులోకి వస్తాయి. సమాచారానికి తగిన భద్రత కల్పించకపోతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించే వీలు ఆ చట్టంలో ఉంది. జరిమానా భయం ఒకవైపు ఉంచినా, మన గడప తొక్కిన మనిషి గుర్తింపు కార్డు ఊరంతా తిరగకూడదు.

వచ్చినవారి వివరాలు తీసుకోవడం మీ బాధ్యతే, అది మానమని నేను అనడం లేదు. ఆధార్ ఇచ్చేవారిని మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వమని అడగండి; డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు కార్డు ఇచ్చినా తీసుకోండి. ఫోటో తీయడం సాఫ్ట్‌వేర్ లోపలి నుంచే జరగాలి, ఫోన్ గ్యాలరీలో మిగలకూడదు. దాచిన చిత్రం ఎన్‌క్రిప్ట్ అయి (అనుమతి లేనివారు చదవలేని రూపంలో) ఉండాలి, దానిని తెరిచిన ప్రతిసారి ఎవరు తెరిచారో నమోదు కావాలి. ఎంతకాలం ఉంచాలన్నది మీ పోలీస్ స్టేషన్‌లో అడిగి తెలుసుకుని, ఆ గడువు తీరగానే దానంతట అదే చెరిగిపోయే ఏర్పాటు చేయించండి. ఈ వివరాలు ఎందుకు తీసుకుంటున్నారో తెలుగులో రెండు వాక్యాలు రాసి కౌంటర్ దగ్గర, యాప్‌లో పెట్టండి.

విదేశీయులు దిగితే 24 గంటలలోగా ఇమ్మిగ్రేషన్ అధికారుల ఆన్‌లైన్ వ్యవస్థలో తెలియజేయాలి. ఫారం సి అనే పేరుతో అందరికీ అలవాటైనది ఇదే. 2025 సెప్టెంబర్ 1 నుంచి కొత్త ఇమ్మిగ్రేషన్, విదేశీయుల చట్టం అమలులో ఉంది, అందులోనూ బస ఇచ్చేవారికి ఈ బాధ్యత కొనసాగుతోంది. పాస్‌పోర్టు, వీసా సంఖ్యలు, దేశంలోకి వచ్చిన తేదీ నమోదు చేయకుండా విదేశీయుల చెక్-ఇన్ పూర్తి కాకూడదని మీ సాఫ్ట్‌వేర్‌లో నియమం పెట్టించండి. పంపినట్టు గుర్తు పడేవరకు తెరపై ఎర్రగా కనిపిస్తూ ఉండాలి.

ప్రశ్న: మైపాడు సముద్ర తీరంలో మాకు ఎనిమిది కాటేజీలు ఉన్నాయి. మూడు ఆన్‌లైన్ బుకింగ్ సంస్థలలో పెట్టాము. శనివారాలలో ఒకే కాటేజీ రెండుచోట్ల బుక్కవుతోంది. ఆ సంస్థలు జమ చేసే డబ్బు కూడా మా లెక్కకు సరిపోవడం లేదు. దీనికి సాఫ్ట్‌వేర్ ఉందా?
— ఒక కాటేజీల యజమాని, ఇందుకూరుపేట మండలం

జవాబు: మొదటిదానికి చానల్ మేనేజర్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. ఒకచోట బుకింగ్ పడగానే మిగతా చోట్ల ఖాళీల సంఖ్యను అది తగ్గిస్తుంది. అయితే ఆ సమాచారం చేరడానికి కొంత సమయం పడుతుంది, రద్దీ రోజులలో ఆ వ్యవధిలోనే రెండో బుకింగ్ పడుతుంది. మీకు ఉన్నవి ఎనిమిదే కాబట్టి, శని, ఆదివారాలలో ఏడవది నిండగానే ఆన్‌లైన్ అంతటా అమ్మకం ఆపివేసి, చివరి కాటేజీని ఫోన్‌లో అడిగినవారికి మాత్రమే ఇవ్వండి. ఈ నియమాన్ని చానల్ మేనేజర్‌లోనే పెట్టుకోవచ్చు. కౌంటర్‌లో నేరుగా ఇచ్చిన కాటేజీని కూడా అదే క్షణంలో నమోదు చేయకపోతే ఏ సాఫ్ట్‌వేరూ మిమ్మల్ని కాపాడలేదు.

డబ్బు విషయంలో, మీకు జమయ్యేది పార్టీ కట్టిన మొత్తం కాదు. అందులో నుంచి ముందుగా కమీషన్ పోతుంది. అది ఒప్పందాన్నిబట్టి సాధారణంగా 15 నుంచి 25 శాతం మధ్య ఉంటుంది. ఆ కమీషన్‌పై 18 శాతం జీఎస్టీ, ఆపైన జీఎస్టీ కింద 0.5 శాతం టీసీఎస్ (అమ్మకం దగ్గరే వసూలు చేసే పన్ను), ఆదాయపు పన్ను కింద 0.1 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే పన్ను) మినహాయిస్తారు. చివరి రెండూ మీ పేరున జమ అయ్యేవి, రిటర్నులలో తిరిగి చూపుకోవచ్చు. లెక్క రాసుకోకపోతే అవి పోయినట్టే. ప్రతి బుకింగ్‌కు ఈ ఐదు అంకెలను విడివిడిగా దాచి, బ్యాంకు జమతో సరిపోల్చే నివేదికను ఇవ్వగలదా అని చూసి సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకోండి.

సొంత బుకింగ్ మార్గం పెంచుకోవాలంటే గూగుల్ మ్యాప్స్‌లో మీ కాటేజీల పేజీని సరిచేసుకోవడంతో మొదలుపెట్టండి. గూగుల్ 2021 నుంచి హోటళ్ల బుకింగ్ లింకులను ఉచితంగా కూడా చూపిస్తోంది. దానికి కలిసే బుకింగ్ వ్యవస్థ ఉన్న వెబ్‌సైటు మీకు ఉంటే చాలు. ఆ వెబ్‌సైటులో అడ్వాన్స్ తీసుకునేటప్పుడు, రద్దు చేస్తే ఎన్ని రోజుల ముందు అయితే ఎంత వెనక్కి ఇస్తారో డబ్బు కట్టే బటన్‌కు పైనే రాయించండి. వాయుగుండం హెచ్చరికతో తీరానికి రావద్దని అధికారులు చెప్పిన రోజులలో పూర్తి మొత్తం తిరిగి ఇచ్చే నియమాన్ని విడిగా పెట్టించి, ఆ తేదీలకు ఉన్న బుకింగులన్నింటికీ ఒకేసారి సందేశం, వాపసు వెళ్లేలా ఏర్పాటు చేయించుకోండి.